ఒక చెయ్యి జేబులో

"చెయ్యి తియ్యి," అంది తియానా.

"నువ్వే తియ్యి," అన్నాడు అతను.

సెర్బియాలో నీష్ ఊరి పాతసామాన్ల బజారు. ఆదివారం పొద్దున. సన్నగా వాన పడుతోంది. స్రేతెన్ బాబాయి పరిచిన టార్పాలిన్ మీద ఒక పాత ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద ఇద్దరి చేతులూ. తియానా రెండు చేతులతో పట్టుకుంది. అతను ఒక్క కుడిచేత్తోనే పట్టుకున్నాడు. ఎడమచెయ్యి కోటు జేబులో హాయిగా ఉంది.

ఆ జేబులో చెయ్యి చూసేసరికి తియానాకి ఒళ్ళు మండిపోయింది.

"ఇటుక బరువుంటుంది, మహానుభావా. ఆ రెండో చేతికి ఇవాళ సెలవా?"

"దీనికి ఒకటి చాలు."

"అవునవును. నీ యాంప్లిఫయర్ కూడా ఒంటిచేత్తోనే కట్టావని విన్నవాళ్ళకి తెలిసిపోతుందిలే."

స్రేతెన్ బాబాయి సిగరెట్ పక్కన పెట్టి మరీ నవ్వాడు. అతను నవ్వలేదు. పేరు రేల్యా. ట్రాన్స్‌ఫార్మర్ మీద నుంచి చెయ్యి తీసేసి, "తీసుకో. నీకే ఎక్కువ అవసరం," అన్నాడు.

ఇవ్వడం ఇచ్చాడు గానీ, ఆ మాటతో ఇచ్చాడు. తియానా దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇల్లు చేరేదాకా ఆ మాటే నములుకుంటూ పోయింది.

ఈ ఊళ్ళో పాత రేడియోలకి వాడే గాజు వాల్వుల ఫ్యాక్టరీ మూతపడి చాలాకాలమైంది. అయినా ప్రతి ఇంటి నేలమాళిగలోనూ ఊరబెట్టిన మిరపకాయల సీసాల పక్కన ఒక అట్టపెట్టెడు వాల్వులు మూలుగుతూనే ఉంటాయి. అందుకే ఇక్కడ రేడియో క్లబ్బు ఒకటి బతికి ఉంది. ఆ క్లబ్బు సభ్యులని చూసి తీరాలి. తీగ వెండిదైతే వయొలిన్ తియ్యగా వినబడుతుందనేవాడొకడు, వాల్వుల్ని ఫ్రిజ్‌లో పెడితే గాయని గొంతు విచ్చుకుంటుందనేవాడొకడు. అందరికీ తమ చెవులు దేవుడు తీరిగ్గా చేశాడని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎప్పటికప్పుడు చెడగొట్టడం తియానా పని.

క్లబ్బుకి ఒక పద్ధతుంది. ఎవరు కొత్త యాంప్లిఫయర్ తెచ్చినా ముందు పాట పెట్టరు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, నాబ్ చివరిదాకా తిప్పి, నిశ్శబ్దం వింటారు. ఏమీ వినబడకపోతేనే పాట.

మొన్న వసంతంలో రేల్యా తెచ్చినదాన్ని తియానా విన్నది. "ఇది యాంప్లిఫయరా? నేను ఫ్రిజ్ అనుకున్నానే. పాలు పెట్టుకోవచ్చా ఇందులో?" అంది. క్లబ్బంతా పడీపడీ నవ్వింది. ఆ ఊపులో ఆవిడగారు ఆగలేదు. "నేను కట్టినదానిలో ఇంత రొద వస్తే మళ్ళీ ఈ గడప తొక్కను," అని నలుగురి ముందూ అనేసింది. అన్న మాట క్లబ్బు మర్చిపోలేదు. ఈ నెలాఖరు శనివారం ఆమె వంతు.

క్లబ్బులో ఎంతమందిని వెక్కిరించినా, తియానాకి ఊళ్ళో నోరారా మాట్లాడే చోటు అదొక్కటే. ఆఫీసులో వోల్టేజీ గురించి మాట్లాడితే ఆవలిస్తారు. ఆ గడప పోతే ఇంకేం మిగలదని ఆమెకి తెలుసు. బయటికి మాత్రం అనదు.

మరుసటి ఆదివారం బజారులో తియానా ఇంకో సంగతి చూసింది. జున్ను కూరిన బూరెక్ రొట్టెలమ్మే కొట్టు దగ్గర రేల్యా నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో బూరెక్, రెండో చేతిలో పెరుగు గ్లాసు. స్రేతెన్ బాబాయి పిలిస్తే పరుగెత్తి, రెండు చేతులా పెట్టెలు ఎత్తి పెట్టాడు. కొట్టామెతో రెండు చేతులూ తిప్పుతూ ఏదో కబుర్లు చెప్పాడు. అంతలో తియానా కనబడింది. ఎడమచెయ్యి జేబులోకి పోయింది.

అంటే అందరితో మనిషే. తనతోనే ఈ టెక్కు.

"మీ ఒంటిచెయ్యి దొరగారికి బలుపు బాగానే ఉంది, బాబాయ్," అంది.

"వాడికా? వాడంత మెత్తనివాడు ఈ బజారులో లేడమ్మా."

"ఆ మెత్తదనం ఎక్కడో, నా దగ్గర మాత్రం కనబడదు."

యాంప్లిఫయర్ తయారైంది. చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉంది. వాల్‌నట్ చెక్క, మెరుగుపెట్టిన రాగిరేకు. మూతపడ్డ సినిమాహాల్ ప్రొజెక్టర్ నుంచి పీకిన సాకెట్లు, ఎదురింటి ముసలామె నేలమాళిగలో నెల రోజులు సామాను సర్దిపెట్టి సంపాదించిన వాల్వులు. స్విచ్ వేసింది. వాల్వులు ఎర్రగా వెలిగాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

గుంయ్‌మంటోంది.

వాల్వులు మార్చింది. కెపాసిటర్లు మార్చింది. తీగలన్నీ ఊడదీసి మళ్ళీ అతికించింది. గుంయ్‌మంటూనే ఉంది. అచ్చం ఫ్రిజ్ లాగే. బజారుకి మళ్ళీ పోతే స్రేతెన్ బాబాయి అన్నాడు: "నా దగ్గరున్నవన్నీ నీకే ఇచ్చాను. ఇంక ఇవ్వడానికి సలహా ఒకటే ఉంది. రేల్యాని అడుగు. నువ్వు తిట్టాక వాడు తనదంతా విప్పి మళ్ళీ కట్టాడు. ఇప్పుడు చీమ నడిచినా వినిపిస్తుంది అందులో."

"చచ్చినా అడగను," అంది తియానా.

శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"ఫ్రిజ్ రిపేరు చేస్తావా?" అంది.

"పాలు విరిగాయా?" అన్నాడు రేల్యా అవతలినుంచి.

"ఎగతాళి రేపు చెయ్యి. ఇవాళ రా."

వచ్చాడు. వాన. ఒక చేతిలో గొడుగు, రెండోదాని సంగతి తెలిసిందేగా. బల్ల ముందు కూర్చుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. చాలాసేపు ఆ రాగిరేకు వైపు చూశాడు.

"ఒక మాట అడుగుతాను, కొట్టకు. ట్రాన్స్‌ఫార్మర్లు బిగించే చిల్లులు విన్నాక వేశావా, వినకముందే వేశావా?"

తియానాకి ముఖం వేడెక్కింది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ పక్కపక్కన పెడితే ఒకదాని రొద ఇంకోదానికి అంటుకుంటుంది. అందుకే చిన్నదాన్ని ముందు ఊరికే పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ, తిప్పి తిప్పి చూసి, రొద పోయిన చోట చిల్లులు వెయ్యాలి. ఇది ఆమె అందరికీ పాఠం చెప్పే విషయమే. తన వంతొచ్చేసరికి మాత్రం అందానికి రెండూ వరసగా పెట్టేసింది.

"వినకముందే," అంది. "నవ్వు. నవ్వుకో."

అతను నవ్వలేదు. అదే ఎక్కువ మండించింది.

"నువ్వు విను. నేను తిప్పుతాను," అన్నాడు.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రం కరెంటు ఇచ్చారు. తియానా చిన్నదానికి హెడ్‌ఫోన్స్ తగిలించి, పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రేల్యా చిన్నదాన్ని కుడిచేత్తో కొద్దికొద్దిగా తిప్పాడు.

"ఇంకాస్త. అటు కాదు, ఇటు. నీకు ఎడమ, కుడి తెలుసా అసలు? ఇంకాస్త."

రొద సన్నబడింది. దూరమైంది. పోయింది.

"ఆగు," అంది తియానా మెల్లగా. "అక్కడే."

ఆ నిశ్శబ్దంలో ఆమెకి వాన వినబడింది. పక్కనే అతని ఊపిరి వినబడింది. హెడ్‌ఫోన్స్ తియ్యాలనిపించలేదు. ఆ సంగతి మీద ఆమెకే చిరాకేసింది. ట్రాన్స్‌ఫార్మర్ వంకరగా, తాగి తూలినట్టు నిలబడి ఉంది. మెరుగుపెట్టిన రాగిరేకుకి కొత్త చిల్లులు పడ్డాయి.

శనివారం క్లబ్బు నిండిపోయింది. తియానా మాట తప్పితే చూద్దామని రోజూ రానివాళ్ళు కూడా వచ్చారు. వంకర ట్రాన్స్‌ఫార్మర్ చూసి వెండితీగ పెద్దమనిషి, "ఏమ్మా, తాగి కట్టావా?" అన్నాడు.

"వినండి ముందు."

ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. నాబ్ చివరిదాకా తిప్పాడు. అటు ఇటు చూశాడు. "ఇది ఆన్ చేశారా?" అన్నాడు.

ఎవరో చప్పట్లు కొట్టారు. తియానా ఆపింది.

"చప్పట్లు తర్వాత. నిన్నటిదాకా ఇది కూడా ఫ్రిజ్జే. చిల్లులు వినకముందే వేసిన బుద్ధి నాది. ఆ వంకర రేల్యాది. మొన్న వసంతంలో అతన్ని అన్నది అందరి ముందే అన్నాను గనక ఇదీ అందరి ముందే అంటున్నాను. నేను అన్నది తప్పు. మీకు కావాలంటే ఈ గడప దిగి వెళ్ళిపోతాను."

స్రేతెన్ బాబాయి వెనక నుంచి, "నువ్వు పోతే మమ్మల్ని తిట్టేవాళ్ళెవరు, కూర్చో," అన్నాడు.

అందరూ పాటలో పడ్డాక, ఆ తర్వాత రాకియా సారా సీసా దగ్గరికి పోయాక, బల్ల దగ్గర ఇద్దరే మిగిలారు. రేల్యా ఎడమచెయ్యి జేబులోనే ఉంది.

"ఒకటి చెప్పు," అంది తియానా. "బూరెక్ కొట్టామెతో రెండు చేతులు. బాబాయితో రెండు చేతులు. నాతో ఒకటి. నేనంటే అంత చులకనా?"

"హై వోల్టేజీ దగ్గర ఒక చెయ్యి జేబులో పెట్టుకోవాలని నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు. షాక్ కొడితే కరెంటు ఒక చేతిలోంచి రెండో చేతికి గుండె మీదుగా పోకుండా. కానీ అది బల్ల దగ్గర. బజారులో ఏముంది?"

"బజారులో నువ్వుంటావు కదా," అన్నాడు రేల్యా. చెవులు ఎర్రబడ్డాయి. "ఒకసారి నాకు గట్టిగా కొట్టింది. అప్పట్నుంచి గుండె దడదడమంటే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. నేను పెట్టేది కాదు."

తియానా బల్ల మీది మీటరు అందుకుంది.

యాంప్లిఫయర్ ప్లగ్గు పీకేసింది. వాల్వులు ఆరిపోయాయి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు కూడా పద్ధతిగా దింపేసి, మీటరు ముల్లు అతని ముఖం ముందు పెట్టింది.

"చూసుకో. సున్నా. ఇంక తియ్యి."

రేల్యా మీటరు చూశాడు. ఆమెని చూశాడు.

"నువ్వు మీటరు పెట్టింది దానికి, నా గుండెకి కాదు," అన్నాడు.

అయినా తీశాడు. అరచెయ్యంతా చెమట, వేళ్ళ మీద సోల్డరింగ్ కాలిన మచ్చలు.

"ఛీ, ఇంత చెమటేంటి," అంది తియానా. అని, ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది. తన రెండు చేతులతోనూ.