తూము దగ్గర మడతపడని సీటు

లంకల్లోంచి ఏలూరు వచ్చే కొల్లేటి కట్ట మీద ఒక పాత తూము ఉంది. దానికి మంచి పేరు లేదు. ఒక వానాకాలం అక్కడ బండితో సహా మునిగిపోయిన ఏసోబు, చీకటి పడితే చాలు, అటు వెళ్లే బళ్ల అడుగు చెక్కలు తడతాడంటారు. టక్... టక్... పైకి రానివ్వమని.

నేను వినలేదు. జీపు డ్రైవరు మదార్ విన్నాడు. అతను చెప్పిందే రాస్తున్నాను, నా సొంతం ఏమీ కలపలేదు.

అది యాభై నాలుగో సంవత్సరం. జీపు యుద్ధంలో వాడి వదిలేసిన పాతది. ముందు సీట్లో నరసింహరాజుగారు — లంకల్లో క్యాంపు ముగించుకుని ఏలూరు తిరిగి వెళుతున్న ఆఫీసరు. దీపాలు పెట్టే వేళ దాటింది. దారి పొడుగునా ఆయన దెయ్యాల మీద నవ్వుతూనే ఉన్నారు.

"అన్నీ చదువులేని భయాలయ్యా మదార్! క్యాంపులో ఒకరింట మజ్జిగ కూడా ముట్టనివాణ్ణి. నన్ను ఏ దెయ్యం ముట్టుకుంటుంది?"

తూము దగ్గర నలుగురు మనుషులు మంచం దించుకుని నిలబడి ఉన్నారు. మంచం మీద ఆదిలక్ష్మి. పొద్దుట్నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. పక్కన తల్లి అచ్చమ్మ.

"బాబ్బాబు, ఏలూరు ఆసుపత్రికండీ... పిల్ల కూర్చోలేదు. పడుకోబెట్టాలండీ."

మదార్ దిగాడు. వెనక సీటు ముందుకు మడిస్తే ఒక మనిషి పడుకునే జాగా వస్తుంది. రెండు చేతులా లాగాడు. రాలేదు. చీలకు నూనె పోశాడు. స్పానర్‌తో కొట్టాడు. కదల్లేదు.

చెయ్యి తీశాడు. అప్పుడు —

టక్... టక్...

సీటు కింద నుంచి.

మంచం మోసినవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. లాంతరు కూడా వాళ్లతో వెనక్కి జరిగింది.

"ఏసోబేనండీ..." ఒకడు గొణిగాడు.

విడ్డూరం ఏమిటంటే, అందరికంటే ముందు నమ్మింది రాజుగారు.

"ముట్టుకోకు మదార్..." ఆయన గొంతు తగ్గించారు. "ఇది మంచి చోటు కాదు. ఆ సీటు లేపితే అందరికీ కీడు. మనం ముందు వెళ్లి ఆసుపత్రి బండిని పంపిద్దాం."

"ఇందాక దెయ్యం లేదన్నారు కదండీ?"

"ఇప్పుడుంది!"

ఆదిలక్ష్మి కేక పెట్టింది. ఆ కేకతో అచ్చమ్మ జీపెక్కేసింది. దారిలో కాన్పయితే బొడ్డు కోయడానికి తెచ్చుకున్న కత్తి ఆవిడ చేతిలో ఉంది.

"దెయ్యమైతే నన్ను పట్టుకుపొమ్మనండి. నా పిల్లకి జాగా కావాలి."

సీటు సందులో చెయ్యి దూర్చింది. మడతబందు చుట్టూ ఏదో బిగుసుకుని ఉంది... చల్లగా... తడిగా... తాడు. కోసింది.

సీటు ఒక్కసారిగా ముందుకు మడతపడింది.

కింద ఆ తాడుతోనే కట్టిన గోనెసంచి. సంచి నిండా తడి నాచు. నాచులోంచి నోరు తెరిచి చూస్తున్న కొరమీను! దాని వెనక మరొకటి తోకతో జీపు రేకును కొట్టింది. టక్.

లంకల్లోకి ఆఫీసరు క్యాంపుకొస్తే జీపులో సంచి చేరడం అక్కడ మామూలే. పెట్టినవాడు చెప్పడు, పుచ్చుకున్నవాడు చూడడు. లాంతరు మాత్రం మెల్లగా రాజుగారి ముఖం వైపు తిరిగింది.

"ఎవరు పెట్టారో... నాకేం తెలుసు?"

"మీవి కావు కదండీ?" అంది అచ్చమ్మ.

"ఛ ఛ!"

"అయితే సరేనండీ." సంచి ఎత్తి కట్ట మీదికి విసిరేసింది. మూతి విడిపోయింది. కొరమీనులు వాలు మీద కాలవకేసి పాకసాగాయి.

"అయ్యయ్యో, చూస్తారేమిటి! పట్టండి!" రాజుగారు చీకట్లోకి దూకారు.

ఈలోగా ఆదిలక్ష్మిని పడుకోబెట్టారు. మదార్ రెండుసార్లు హారన్ కొట్టాడు.

"ఒక్క నిమిషం... ఇంకొక్కటే!" అని కింద నుంచి వినిపించింది.

మదార్ ఆగలేదు.

తల్లీ బిడ్డా ఎలా ఉన్నారని ముందు అడిగాను. క్షేమమేనట. ఆడపిల్ల. అది రూఢి చేసుకున్నాకే మిగతాది విన్నాను.

ఆ రాత్రి మూడు బళ్లు తూము దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాయట. కట్ట మీద తెల్లబట్టల ఆకారం... ఒళ్లంతా బురద... చంకలో కదిలే మూట... చెయ్యెత్తి సన్నగా పిలుస్తోందట —

"ఏవండీ... ఆగండీ... నేను ఆఫీసర్నండీ..."

ఆ మాట వినపడ్డాక బండివాళ్లు మరింత జోరుగా తోలారట.