పదకొండు పాయింట్ ఎనిమిది మైలేజీ

జెన్సీతో నా పరిచయం గొడవతోనే మొదలైంది. డాలస్ నుంచి మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, వెర్రిబీలోని మా తెలుగు చర్చి కార్ పార్కులో నిలబడి, కొన్న పాత కారు గురించి గొప్పలు చెప్పుకుంటున్నాను. షాపులో రెండు కార్లు చూపించారు. ఒకదాని మీద 6.2, ఇంకోదాని మీద 11.8 అని రాసి ఉంది. మన ఊళ్లోలాగే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో ఆ లెక్క అనుకుని, పెద్ద అంకె ఉన్నది కొనేశాను.

"ఇక్కడ వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తాగుతుందో రాస్తారు. డేనీ, నువ్వు కొన్నది తాగుబోతు బండి," అంది జెన్సీ.

జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చిన పిల్ల. పదిమందిలో పరువు తీసేసరికి నాకు ఒళ్లు మండింది. అమెరికాలో ఇంతకంటే పెద్ద బండ్లు నడిపానని, అక్కడెవరూ పెట్రోలు గురించి ఇంత బెంగపడరని అన్నాను. అక్కడ పన్ను తక్కువ కాబట్టి పెట్రోలు చవక, యూరప్‌లో దాదాపు రెండింతలు, అందుకే చిన్న కార్లు కొంటారని తను క్లాసు పీకింది. ఎంతకీ వాదన తెగలేదు. మిగతాది వచ్చే ఆదివారం నా కార్లో తేల్చుకుందాం రమ్మన్నాను. వచ్చింది.

నిజానికి ఆ సాయంత్రమే ఇంటికెళ్లి చూసుకున్నాను. తను చెప్పిందే కరెక్టు. కానీ ఒప్పుకుంటే వాదన అయిపోతుంది, వాదన అయిపోతే జెన్సీ నా కారెందుకు ఎక్కుతుంది? ఆరు ఆదివారాలు మొండికేశాను. నేనుండేది క్లేటన్‌లో, తనుండేది క్లైడ్ నార్త్‌లో. అంటే తనని ఎక్కించుకోవాలంటే ముందు చర్చికి ఎదురు దిక్కులో వెళ్లాలి. అయినా దారిలోనే కదా అనేవాణ్ణి. అప్పటికే నేను పీకల్లోతు ప్రేమలో ఉన్నాను.

ఏడో ఆదివారానికి నర్సాపురం నుంచి వాళ్ల అమ్మానాన్నలు దిగారు. విలియం అంకుల్ ఆర్టీసీ డిపోలో రిటైరయ్యారు. ఏ డ్రైవరు లీటరుకి ఎంత తెస్తున్నాడో చూసి బహుమతులిప్పించడం ఆయన పని. ప్రార్థన అయ్యాక జెన్సీని ఇమ్మని ఆయన్నే అడగాలని నా ప్లాను. ఆయన ముందు సీట్లో కూర్చుంటూనే అడిగారు.

"ఏం బాబూ, బండి ఎంత ఇస్తంది?"

వెనక ప్రేమలీల ఆంటీ పక్కన కూర్చున్న జెన్సీ కళ్లు అద్దంలో కనిపిస్తున్నాయి. ఇన్ని వారాలు వాదించి ఇప్పుడెలా మాట మార్చను?

"పదకొండు పాయింట్ ఎనిమిది అంకుల్."

ఆయన పెట్రోలు ముల్లు చూశారు. ఉన్న ఎనిమిది లీటర్లకి తొంభై కిలోమీటర్లు దాటి పోతుందనీ, వెర్రిబీ డెబ్భై అయిదే కాబట్టి బంకులో ఆగి ప్రార్థనకి లేటవడం ఎందుకనీ తేల్చేశారు. మూడు బంకులు దాటిపోతుంటే మూడుసార్లూ ముల్లు వైపు చూశాను. ఫ్రీవే దిగి వెర్రిబీలో అడుగుపెట్టాక, సన్నటి వానలో బండి ఆగిపోయింది.

"ట్యాంకు ఎక్కడో కారతన్నట్టుంది," అంటూ ఆయన తెల్లబట్టలతోనే కారు కిందికి దూరబోయారు.

అవునని తల ఊపితే సరిపోయేది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"కారట్లేదు అంకుల్. నేనే అబద్ధం చెప్పాను. ఇది లీటరుకి ఎనిమిదిన్నర కూడా ఇవ్వదు. మొదటి వారమే తెలుసు నాకు. ఒప్పుకుంటే జెన్సీ నా కారెక్కడం మానేస్తుందని భయపడ్డాను. జెన్సీ అంటే నాకు ప్రాణం. మీరు ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటాను."

ఆయన కళ్లజోడు మీద వాన చినుకులు తుడుచుకున్నారు. తర్వాత కూతురివైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నారు.

"ప్రతి వారం బంకులో ఆగి పెట్రోలు పోయిస్తుంటే బండి ఎంత తాగుతుందో నాకు తెలీదా డాడీ? అడిగితే రావడం మానేస్తాడేమోనని ఊరుకున్నా," అంది జెన్సీ తల దించుకుని.



"లెక్క దాచిన డ్రైవర్లని చాలామందిని పట్టుకున్నాను. నేను పట్టుకోకముందే చెప్పినోణ్ణి ఇయ్యాలే చూశాను," అన్నారు అంకుల్. గొడుగు తీసి నా చేతిలో పెట్టారు. "బంకు ఎంత దూరం?"

"కిలోమీటరు అంకుల్."

"ఇద్దరూ వెళ్లి పట్రండి. మేం కార్లో కూర్చుంటాం. తొందరేం లేదు, పాటలయ్యాకే కదా పాస్టరుగారు వాక్యం చెప్పేది."

ఆ ఒక్క కిలోమీటరు నడవడానికి మాకు ముప్పావుగంట పట్టింది.