రేడియో గదికి వంత పాడినవాడు

మునగవలసలో పొద్దుగూకాక పంచాయతీ రేడియో గది ముందు నుంచి వెళ్లేవాళ్లు, పక్కవాడు ఏం చెబుతున్నా ‘ఊ’ కొట్టరు. నోరు మూతపడని వాగుడుకాయలు కూడా ఆ కాస్త దూరం మూగవాళ్లైపోతారు.

నరసన్నపేట సంత నుంచి వస్తూ ఒకసారి అక్కడ దాలయ్యని పలకరించబోయాను. జవాబు చెప్పకుండా చెయ్యి పట్టుకుని గది దాటేదాకా లాక్కుపోయాడు. ఆ తరవాత చెప్పాడు ఈ సంగతి. విన్నది విన్నట్టు చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఆ ఊరికి మాత్రం వెలుగుండగానే వెళ్లండి.

దాలయ్య పంచాయతీ బంట్రోతు. సాయంత్రం గది తాళం తీసి రేడియో పెట్టడం, స్టేషను మూసేశాక కట్టేసి తాళం వెయ్యడం ఆయన పని. గది మీద పెద్ద మైకు గొట్టం ఉండేది. ఊరంతా వినబడేది. స్టేషను మార్చే ముల్లు తిప్పడానికి మాత్రం వీల్లేదు. గవర్నమెంటు వాళ్లు ఆ మర మీద లక్క పోసి ముద్ర వేసి పోయారు. పట్నం స్టేషను ఏది పెడితే మునగవలస అదే వినాలి. కట్టుకున్నవాడి గురక వినక తప్పనట్టే ఇదీ, అనేది దాలయ్య అక్క లక్ష్మణమ్మ.

స్టేషను పెట్టిన కొత్తలో అన్నీ మన పక్క పాటలూ కథలే. ఆ రోజుల్లోనే లక్ష్మణమ్మ మొగుడు జగన్నాధానికి పిలుపొచ్చింది. ఆయన జముకుల కథ చెప్పేవాడు. చంకలో జముకు పెట్టుకుని తీగ మీటితే... గుమ్... గుమ్... అని కడుపులో మోగేది. బావ చరణం అంటే పక్కన దాలయ్య వంత అందుకునేవాడు.

అమ్మవారి కథకి ఒక కట్టడి ఉంది. మొదట్లో అమ్మని పేరు పెట్టి పిలుస్తారు. చివర మంగళం పాడి సాగనంపుతారు. సాగనంపకుండా మధ్యలో లేవకూడదు. పిలిచి వదిలేస్తే ఆ తల్లి ఎక్కడికి పోతుంది? పిలిచినవాడి ఇంట్లోనే కూర్చుంటుంది.

స్టేషనులో గోడ మీద గడియారం ఉంది గాని అమ్మవారు లేదు. వీళ్లు ఎత్తుకున్న అమ్మవారి కథ సగంలో ఉండగా రికార్డింగు ఎర్రదీపం ఆరిపోయింది. డేవిడ్‌రాజు అనే ఉద్యోగి తలుపు తీసుకుని వచ్చి, టైమైపోయింది, మిగతా సగం వచ్చే నెల, అన్నాడు. మర ఆగింది కాబట్టి కథా ఆగినట్టే అనుకున్నారు వీళ్లిద్దరూ. టేపు ఎక్కని మంగళం లెక్కకి రాదనుకున్నారు. జముకు మూటకట్టి బస్సెక్కేశారు.

ఆ వచ్చే నెల రానేలేదు. స్టేషను తీరే మారిపోయింది. కొత్త వరి దిగిన రోజులు. సాయంత్రం మర తిప్పితే ఐ.ఆర్.ఎయిట్టు, యూరియా, పురుగుమందు... ఆ పై యేడు శనివారం శనివారం సినిమా పాటలు మొదలుపెట్టారు. కుర్రకారు ఎగిరి గంతేసింది. జముకుల కథ ఊసెత్తినవాడు లేడు. జగన్నాధం మాత్రం రోజూ గది మెట్ల మీద కూర్చుని, తన పేరు పిలుస్తారేమోనని చెవి ఒగ్గి వినేవాడు. ఆ వానాకాలం పొలం గట్టు మీద పాము కరిచి పోయాడు.

ఆయన దినం అయిన తరవాతి శనివారం...

పాటకీ పాటకీ మధ్య, గొట్టంలోంచి సన్నగా... గుమ్... గుమ్...

బ్యాటరీ నీరసించిందేమో అనుకున్నాడు దాలయ్య. అంతలో ఒక గొంతు అమ్మని పిలిచింది. దాని వెనకాలే ఇంకో గొంతు వంత అందుకుంది. ఆ రెండో గొంతు తనదే.

లక్ష్మణమ్మ దీపం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“తమ్ముడా... అది మీ బావ గొంతు కదేట్రా?”

ప్రతి శనివారం అదే వరస. పాటల అడుగున కథ నడిచి నడిచి, “గుమ్మంలో నిలిచావా తల్లీ...” అన్నచోట ఆగిపోయేది. ఆ తరవాత ఒక నిశ్శబ్దం... ఎవరైనా ‘ఊ’ అంటారేమోనని అవతల ఎవరో కాచుకుని ఉన్నట్టు. ఊ అంటే కథ సాగుతుందని, చచ్చినవాడి కథ సాగనిస్తే విన్నవాణ్ణి వెంట తీసుకుపోతాడని పుకారు పుట్టింది. ఊళ్లో ఊ కొట్టేవాడు లేకుండా పోయాడు.

అలా ఉండగా జగన్నాధం కూతురు చిన్నతల్లికి అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు. గుమ్మానికి వేపమండలు కట్టారు. అమ్మ శాంతించాలని చల్లలు పోశారు. పిల్ల కళ్లు తెరవడం లేదు. ఆరేళ్ల పిల్ల. దాలయ్య భుజం మీద పెరిగిన పిల్ల.

లక్ష్మణమ్మ తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచింది. గుసగుసగా అంది:

“మీరిద్దరూ కలిసి పిలిసినారు. ఆ తల్లి నా ఇంట్లో కూకుండిపోనాది. మీ బావ నేకుండా పోనాడు. నువ్వు సాగనంపరా.”

“నాను వంతగాడిని అప్పా. ముందర బావ అనాల. ఆడు అనకండా నానేటి అందుకుంతాను?”

“ఆడు అంతన్నాడు కదరా... శనివారం శనివారం. నువ్వు ఊ కొట్టు.”

“సచ్చినోడికి ఊ కొడితే...”

“కొట్టకపోతే నా గుంట చిన్నతల్లి పోతాది.”

దాలయ్య శనివారం కోసం కాచుకున్నాడు.

ఆ శనివారం పాటలు మొదలవగానే వీధిలో తలుపులన్నీ మూతపడ్డాయి. దాలయ్య ఒక్కడే గదిలో కూర్చున్నాడు. రేడియో మీద చిన్న దీపం మినుకుమంటోంది. పాటల అడుగున... గుమ్... గుమ్... కథ నడిచింది. వెనకాల తన గొంతు నడిచింది. చివరి పాట అయిపోయింది.

“గుమ్మంలో నిలిచావా తల్లీ...”

నిశ్శబ్దం.

దాలయ్య చిన్నతల్లి మొహం తలుచుకున్నాడు. కళ్లు మూసుకుని—

“ఊ...”

చాలాసేపు ఏమీ లేదు. కప్పలు కూడా ఆగిపోయాయట.

తరవాత గొట్టంలోంచి జగన్నాధం తరవాతి చరణం అందుకున్నాడు. ఎవరూ టేపుకి ఎక్కించని చరణం. దాలయ్య వంత పాడాడు. ఇంకో చరణం... ఇంకో వంత... మూసిన తలుపుల వెనక ఊరంతా విన్నది. మంగళం దాకా పాడారు ఇద్దరూ. ఆఖరి మాటకి గొట్టం గుర్రుమని మూగబోయింది.

తెల్లారేసరికి చిన్నతల్లి కళ్లు తెరిచి గంజి అడిగింది. మొహాన మచ్చలు మిగిలాయి, పిల్ల దక్కింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

పంచాయతీ వాళ్లు అంతకుముందే స్టేషనుకి ఫిర్యాదు పంపారు. డేవిడ్‌రాజు టేపూ, మిషనూ పట్టుకుని పట్టపగలు దిగాడు. గది మెట్ల మీద పెట్టి తిప్పాడు. సినిమా పాటలు... అడుగున గుమ్... గుమ్...

“దెయ్యం లేదు, గియ్యం లేదు,” అని నవ్వాడు. “మీ కథ ఎక్కించిన పాత టేపే ఇది. సరిగా చెరపకుండా దీని మీదే వారం వారం పాటలు ఎక్కిస్తున్నాం. అడుగున మీ గొంతులు మిగిలిపోయాయి.”

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతోటి దానికా ఇన్నాళ్లూ నోళ్లు కుట్టుకున్నాం అని సిగ్గుపడ్డారు.

“గుమ్మంలో నిలిచావా తల్లీ...” అన్నచోట డేవిడ్‌రాజు మీట వైపు చెయ్యి చాపాడు. “ఇక్కడే మిమ్మల్ని ఆపేశాను. దీని తరవాత ఏమీ లేదు.”

“ఉండండి బాబూ,” అన్నాడు దాలయ్య. “కుసింత తిరగనీండి.”

టేపు తిరిగింది. గరగరమని ఉత్త చప్పుడు.

ఆ చప్పుడు అడుగున... “ఊ...”

దాలయ్య గొంతు.

కాసేపు ఖాళీ. తరవాత ఒక వంత. మళ్లీ ఖాళీ. మళ్లీ వంత. చరణాలు లేవు, జముకు లేదు. ఆ రాత్రి ఈ గదిలో కూర్చుని దాలయ్య పాడిన వంతలన్నీ వరసగా మంగళం దాకా ఉన్నాయి.

డేవిడ్‌రాజు నవ్వు ఆగిపోయింది. “ఇది ఎప్పుడొచ్చి పాడావు మా స్టేషనులో?”

“నాను స్టేషనుకి ఎల్లనేదు బాబూ. ఈ గదిలోనే పాడినాను.”

“మరి మీ బావ గొంతేదీ?”

“ఆడెల్లిపోనాడు. మంగళం అయిపోనాది కదా.”

ఆయన మిషను సర్దుకుని, సాయంత్రం బస్సు దాకా కూడా ఆగకుండా కాలినడకన రోడ్డెక్కాడట.

ఇదంతా చెప్పి దాలయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు:

“రేడియో మనకి సెప్తాది. బాగుంది. మనం అన్నది కూడా ఇంటాదేటి బాబూ?”

అలవాటు కొద్దీ ‘ఊ’ అనబోయాను. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. మేము చాలా దూరమే వచ్చామనుకున్నాను గాని, ఆ మసక వెలుగులో గది మీద గొట్టం ఇంకా కనబడుతూనే ఉంది... మా వైపే తిరిగి.

నోరు మూసుకున్నాను.