రెండో పిన్ ఎవరికి?

వానలో తడిసి మా కంప్యూటర్ షాపులోకి వచ్చిన ఆ అమ్మాయి ఒక మామూలు పెన్ డ్రైవ్ తీసి కౌంటర్ మీద పెట్టింది.

"ఇలాంటిది తప్ప ఏదైనా చూపించండి."

ఆమె ప్రకటనలకు బాణీలు కడుతుంది. ఇలాంటి డ్రైవే ఒకటి ఎక్కడో పోయిందట. కొన్నాళ్లకు ఆమె బాణీ ఎవరిదో సబ్బు ప్రకటనలో వినిపించిందట.

"నాదని ఎవరికి చెప్పుకోను? నోరు మూసుకుని విన్నాను," అంది.

నేను అప్పుడే పడిపోయాను. షాపు మా అక్కది, నోరు మాత్రం నాది. ఆ నోటిని పనిలో పెట్టాను.

"తాళం ఉన్న డ్రైవ్‌లలో ఈ రకం, సాఫ్ట్‌వేర్ వేసుకుంటే గానీ తెరుచుకోదు. మీరు తిరిగే స్టూడియోల్లో ఎవరు వెయ్యనిస్తారు? ఇది చూడండి, అంకెల బటన్లు దీని ఒంటి మీదే ఉన్నాయి. పిన్ తెలియనివాడికి లోపలిది ఒక్క ముక్క అర్థం కాదు. పదిసార్లు తప్పు కొడితే మొత్తం తనే చెరిపేసుకుంటుంది."

"రోషం గలదే," అని నవ్వింది.

మర్నాడు కొనడానికి వచ్చింది. వెంట ఒకడు. మెడలో హెడ్‌ఫోన్స్, మొహం నిండా చనువు.

"మన పాటలు జాగ్రత్తగా ఉండాలి బాస్," అన్నాడు నాతో.

ఆ 'మన' వినగానే నాకు ఒళ్లు మండింది.

"రెండు పిన్‌లు పెట్టుకునేవి కూడా ఉంటాయట కదా?" ఆమె అడిగింది. "నాకు అంకెలు గుర్తుండవు. ఒకటి నాకు, ఇంకోటి నమ్మకమైన మనిషికి."

హెడ్‌ఫోన్‌గాడు నా కౌంటర్ మీదే వేళ్లతో తాళం వేస్తున్నాడు. నమ్మకమైన మనిషట.

"రెండు పిన్‌లంటే రెండు తలుపులు. దొంగకే సుఖం," అన్నాను. "ఒక్క పిన్‌ది తీసుకోండి."

అక్క తలెత్తి చూసింది. పిన్ మర్చిపోతే దిక్కుండాలని చెప్పి, పొద్దున్నే ఒకాయనకు రెండు పిన్‌లది అమ్మింది నేనే. ఎప్పట్లాగే ఈల వేస్తూ బిల్లు కొట్టేశాను.

వాళ్లు వెళ్లాక అడిగింది. "ఒరేయ్, అబద్ధం చెప్పి అమ్మడం ఎప్పట్నించి?"

"భద్రత కోసం అక్కా."

"ఎవరి భద్రత?"

నేను మళ్లీ ఈల వేసుకుంటూ డబ్బాలు సర్దాను.

వారం తిరక్కుండానే ఆమె మళ్లీ వచ్చింది, మొహం పాలిపోయి ఉంది.

"తెరుచుకోవట్లేదు. తొమ్మిదిసార్లు కొట్టాను. సాయంత్రానికి పాట ఇవ్వాలి. మళ్లీ ఎవరైనా ఎత్తుకుపోతారని ఇంకెక్కడా దాచలేదు."

నా కుళ్లు ఆమె పాట మీదికి తెచ్చింది.

"తప్పు నాదండి. మీకు రెండు పిన్‌లదే సరైనది. రెండోది అతనికి ఇస్తారని ఓర్వలేక అబద్ధం చెప్పాను."

ఆమె నన్ను వింతగా చూసింది. "వాడికా? పోయినసారి పెన్ డ్రైవ్ పారేసుకున్నది వాడే."

"మరి ఎవరికి?"

"ముందు ఈల వెయ్యండి."

"ఇప్పుడా?"

"బిల్లు కొడుతూ వేస్తారే, ఆ ఈలే నా పిన్. స అంటే ఒకటి, రి అంటే రెండు. అలాగైతే గుర్తుంటుందనుకున్నాను."

నోరెండిపోయింది. అక్క నీళ్లిచ్చింది. తాగి, ఎలాగో ఈల వేశాను.

"ఆగండి. ఆ నాలుగోది మళ్లీ."

"తప్పిందా?"

"ఎప్పుడూ తప్పే వేస్తారు. పిన్ పెట్టినప్పుడు మీరు వేసినట్టే పెట్టాను. తర్వాత నా చెవి ఊరుకోక, దిద్దుకుని కొడుతున్నాను."

మళ్లీ వేశాను, నాకొచ్చిన తప్పుతోనే. ఆమె ఒక్కో అంకే నొక్కింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. అక్క కుర్చీలో కూలబడింది.

"రెండు పిన్‌లది ఇవ్వండి," అంది ఆమె.

పాటలన్నీ కొత్తదానిలోకి ఎక్కించాం. తన పిన్ తను పెట్టుకుని, డ్రైవ్‌ను నా వైపు జరిపి, అటు తిరిగి నిలబడింది.

"రెండోది నువ్వు పెట్టు. నేను చూడను."

"అబద్ధం ఆడినవాణ్ణి కదా."

"దాచుకోలేకపోయావుగా. అలాంటివాడే కావాలి."

పిన్ పెట్టాను. బయట హెడ్‌ఫోన్‌గాడు బండి హారన్ మోగిస్తున్నాడు. మొదటిసారి అతని మీద జాలేసింది.

"రెండో పిన్ ఎవరికిచ్చావని అడుగుతాడేమో," అన్నాను.

"చెప్తాను," అంది. "వాణ్ణి కూడా కాస్త కుళ్లుకోనీ."