పిట్ట ముట్టింది

జగదీశ్ పోయిన మూడో రోజు. ముడిమ్యాలలో వాళ్ల చెలక గట్టు మీద, విస్తరాకులో అన్నం, వాడికిష్టమైన బోటి కూర. కాకి వచ్చి ముడితే పోయినవాడికి కోరికలేం మిగల్లేదని లెక్క. కరెంటు తీగల మీద బారుగా కూర్చున్నయి కాకులు. ఒక్కటీ దిగలే.

"చెల్లె పెండ్లి మేం జేస్తం రా," అన్నడు వాళ్ల పెద్దబాపు. దిగలే.

"మీ అవ్వను మంచిగ సూసుకుంటం." ఊహూ.

నేను చేవెళ్ల కిరాణం భద్రయ్య బిడ్డను, అక్షితను. క్లాస్‌మేట్‌నని చెప్పి వచ్చిన. ఆత్మలు లేవని వాదించి డిబేట్‌లో కప్పు కొట్టినదాన్ని. "కాకులకు ఆకలి లేదేమో" అని నోటిదాకా వచ్చింది. వాడి తల్లి సుక్కమ్మ మొహం చూసి మింగిన.

మా సంగతి ఎవరికీ తెల్వదు. నా గుండెకు పుట్టుకతోనే చిల్లు. వాడు నా గుండె మీద చెవి పెట్టి, "ఇది గుండెనా, డీజిల్ ఇంజనా?" అని నవ్వేవాడు. అజీజ్‌నగర్‌లో ఎవరో సాఫ్ట్‌వేర్ సారు ఫామ్‌హౌస్‌ల పనికి పోయిన వాడు, గడ్డికి నీళ్లు పెట్టబోయి, మోటర్ షాక్ కొట్టి పోయిండు. రేపు తెల్లారితే నాకు గుండె ఆపరేషన్.

ఎవరికీ వినపడకుండ అన్న: "నీ దగ్గరికే వస్త. తిను."

రెక్కల చప్పుడు. కాకి ముద్దను పొడిచింది.

అందరూ దండం పెట్టిన్రు. సుక్కమ్మను పక్కకు పిలిచి అడిగిన. "అవ్వా, ఇచ్చిన మాట వాపసు తీసుకోవచ్చా?"

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ముట్టినంక ఏం వాపసు, బిడ్డా?"

పొద్దుగూకంగనే మా ఇంట్ల కరెంటు పోయింది. పొద్దున్నే పట్నం దవాఖానకు పోవాలని అమ్మ పెందలాడే నా పక్కన పడుకుని నిద్రపోయింది. ఉక్కపోత. దోమల బత్తి వాసన. దాని వెనుక ఇంకో వాసన... తడిసిన గడ్డి. కాలిన వైరు.

రొమ్ము మీద బరువు. చల్లగ. చెవి ఆనించినట్టు.

గుండె ఒక దెబ్బ తప్పింది. మళ్లీ కొట్టుకుంది. మళ్లీ తప్పింది...

"ఇంజన్ బంద్ చెయ్యనా?"

పదిహేడేళ్లు నాకు. బతకాలని ఉన్నది. నోరు ఊకోలే.

"వస్తనన్న. ఎప్పుడని అన్లే. ముసలిదాన్నైనంక వస్త."



"సరే," అన్నది గొంతు. "ఎదురుచూస్త."

బరువు లేచిపోయింది. గెలిచిన! ఊపిరి పీల్చుకుని అమ్మ దిక్కు తిరిగిన.

కిటికీ వెన్నెల్లో అమ్మ నిద్రలనే జోకొడుతున్నది, నా చిన్నప్పటి లెక్క. నన్ను కాదు. మా ఇద్దరి నడుమ ఖాళీ జాగను. ఆమె చెయ్యి పరుపు దాకా దిగుతలేదు... జానెడు పైననే, దేని మీదనో మెత్తగ పడుతున్నది.