సామాను యజమాని

"దీదీ, సబ్‌సే సస్తా వాలా పాలసీ ఇవ్వండి, చవకది. పోలీసు ఆపితే చూపించడానికి ఒక కాగజ్ ఉంటే చాలు."

ఝాన్సీలక్ష్మి వెంటనే తలెత్తలేదు. రాస్తున్న మాట పూర్తి చేసి, పెన్నుకు మూత పెట్టి, అప్పుడు చూసింది.

ఎదురుగా ఒక యువకుడు. చొక్కా శ్రద్ధగా ఇస్త్రీ చేసుకున్నాడు గానీ కాలరు వెనక మడత మరిచిపోయాడు. చేతిలో కొత్త తాళం చెవి. దాన్ని జేబులో పెట్టుకోవడానికి మనసు రాక వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు.

"మొదటిది, నేను మీకు దీదీని కాను. రెండోది, ఇది కూరగాయల కొట్టు కాదు."

"మరేటని పిలవాలండీ?"

"పిలవక్కర్లేదు. పనేమిటో చెప్పండి."

అది సునామీ వచ్చిన ఏడాదిన్నర తర్వాతి మాట. పోర్ట్‌బ్లెయిర్‌లో బజారు మేడ మీద ఉన్న ఆ ఇన్సూరెన్స్ ఆఫీసులో ఝాన్సీ ఏజెంటు. రేకుల షెల్టర్లలో ఉన్నవాళ్ళకి ప్రభుత్వం పక్కా ఇళ్ళు కడుతోంది. సిమెంటు మోయడానికి ఎన్ని లారీలున్నా చాలడంలేదు. అందుకే ఆరేళ్ళుగా ఒకరి లారీ నడిపిన ప్రోతరాపూర్ అప్పలరాముడు, బ్యాంకు లోనుతో ఒక పాత లారీ కొని ఓనరయ్యాడు.

అతను నాలుగు మడతలు పెట్టిన కాగితం బల్ల మీద పరిచాడు. "పాత ఓనరు లారీతోపాటు ఇదీ ఇచ్చేశాడు. ఇంకా ఎనిమిది నెలలుందట. దీన్నే నడిపించెయ్యొచ్చు కదా?"

"లారీ మీ పేరుకు మారి ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రోజులు."

"పద్నాలుగు రోజుల్లో పాలసీ కూడా మార్చుకోవాలి. ఇప్పుడు లారీ మీది, పాలసీ ఆయనది. రేపు లారీ లోయలో పడితే మీకూ ఏమీ రాదు, ఆయనకూ ఏమీ రాదు."

"పొద్దున్నే ఏం మాటలండీ అవి!"

"పైగా ఇది ఉత్త థర్డ్ పార్టీ. మీ లారీ ఎవరినైనా గుద్దితే వాళ్ళకిచ్చేది. చట్టం అడిగేది అదొక్కటే. మీ బండికి దెబ్బ తగిలితే రూపాయి రాదు."

"బండి నేనే బాగు చేసుకుంటాను. ఆరేళ్ళు ఇంజన్ల కిందే పడుకున్నాను."

"సముద్రం తీసుకుపోతే?"

తాళం చెవి తిరగడం ఆగిపోయింది.

ఝాన్సీ గొంతు మారలేదు. "మా నాన్నకీ లారీ ఉండేది. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున ఒడ్డు దగ్గర లోడుకి పెట్టాడు. ఆయన పాలసీ కూడా ఈ రకమే. చాలని చెప్పారు ఎవరో. లారీ పోయాక చూస్తే చాలలేదు."

అప్పలరాముడు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "అన్నిటికీ వచ్చే పూర్తి పాలసీ రాయండి మేడమ్."

ఆమె ఫారం తీసింది. "డ్రైవరు ఎవరు?"

"నేనే."

"క్లీనరు?"

"నేనే. డ్రైవరూ నేనే, క్లీనరూ నేనే, ఓనరూ నేనే!"

ఆ మాట చెప్పేటప్పుడు అతని వీపు దానంతటదే నిటారుగా అయింది. ఝాన్సీకి నవ్వొచ్చింది. తల వంచి ఫారంకేసి నవ్వింది.

వారం తర్వాత పాలసీ తీసుకోవడానికి వచ్చినప్పుడు అడిగింది. "ఇందులో ఏముందో చదువుకోగలరా?"

"హిందీ అయితే ఫటాఫట్. ఇంగ్లీషు కొంచెం కొంచెం. తెలుగు మాట్లాడతాను గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి."

ఆమె పెన్సిల్ తీసుకుని, ప్రతి ముఖ్యమైన అంశం పక్కనా తెలుగులో గుండ్రంగా, పెద్దగా రాసిచ్చింది. "కూడబలుక్కోండి. కష్టపడి చదివింది మరిచిపోరు."

అలా మొదలైంది. సిమెంటు దించి వస్తూ వారానికోసారి మేడ మెట్లెక్కేవాడు. వచ్చినప్పుడల్లా ఒక్కటే ప్రశ్న.

"మేడమ్, 'మనుషులను ఎక్కించరాదు' అని రాశారు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే? మన దీవుల్లో చెయ్యెత్తితే ఆగకుండా పోయే లారీ ఉంటుందా?"

"ఆగండి. నమస్కారం పెట్టండి. పొండి."

"గాలీలు, తిట్లు పడతాయి!"

"పడండి. సామాను లారీ సామానుకే. వెనక నిలబడ్డ మనిషి జారిపడితే కంపెనీ ఇవ్వదు, మీరే ఇవ్వాలి. లారీ అమ్మినా తీరదు. సామాను తాలూకు యజమాని మాత్రం దాంతోపాటు రావచ్చు. అదీ ఒక్కరే, క్యాబిన్‌లో."

ఇంకో వారం "ముంపు అంటే ఏటి మేడమ్?" అన్నాడు. ఆ పై వారం ప్రశ్న లేకుండానే వచ్చాడు. బయట వాన. అండమాన్ వాన ఇంతసేపు కురుస్తానని మాటివ్వదు, ఆగుతానని అసలే ఇవ్వదు. ఇద్దరూ మెట్ల కింద నిలబడ్డారు. చూరునుంచి కారే నీళ్ళు ఆమె చెప్పుల మీద పడుతుంటే అతను జరిగి తన బూట్లు అడ్డం పెట్టాడు. ఆమె అది చూసింది. చూసినట్టు అతనికి తెలియనివ్వలేదు.

"పాలసీలో నాకింక డౌట్లు లేవు మేడమ్. ఒక్కటుంది గానీ అది కాగితంలో లేదు."

"కాగితంలో లేనివి నేను చెప్పను."

"చెప్పక్కర్లేదు. కాదనకపోతే చాలు."

ఝాన్సీ వానకేసి తిరిగింది. "మా నాన్న లారీ మాటెత్తితే కంచం ముందునుంచి లేచిపోతాడు."

"లారీ అమ్మెయ్యమంటారా?"

"నేనడిగానా అమ్మమని!" చురుగ్గా అంది. "ఇంత కష్టపడి కొన్నదాన్ని అమ్మే మనిషైతే నాకొద్దు."

అప్పలరాముడికి ఆ వాక్యం కూడబలుక్కోవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక వానలో తడుస్తూ లారీదాకా నడిచి, తలుపు తెరవడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే ఆమె షాదీపూర్‌లోని ఇంట్లో తండ్రికి చెప్పింది. కన్నారావు మంచివాడు. గట్టిగా అరవడు. కానీ ఆ రోజు కంచం పక్కకి నెట్టాడు.

"నిన్ను లారీవాడికిచ్చి, నువ్వూ నాలాగే లారీ పోతుంటే ఒడ్డున నిలబడి చూడాలా? ఆ మాట మళ్ళీ ఎత్తకు."

ఆమె ఎత్తలేదు. అప్పలరాముడితో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. అతను "ఠీక్ హై, నాకు తొందర లేదు" అన్నాడు. అబద్ధమని మొహమే చెప్పింది.

శ్రావణంలో ప్రోతరాపూర్‌లో కన్నారావు మేనకోడలి పెళ్ళి. పది గంటలకి మేనమామ పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదకి తీసుకురావాలి. ఆ గంప మేనమామే తేవాలి. ఎర్ర రంగు వేసిన గంప, ఆరు ఇత్తడి బిందెలు, మూడు అరటి గెలలు, రెండు డబ్బాల లడ్డూలు, ఇరవై ముగ్గురు చుట్టాలు, అందరూ షాదీపూర్ రోడ్డు మీద పట్టుబట్టల్లో నిలబడ్డారు. మాట్లాడుకున్న మినీ బస్సు ఎత్తులో చెడిపోయి కూర్చుంది. తొమ్మిది దాటి పది నిమిషాలైంది. టౌను బస్సు తొమ్మిదీ నలభైకి గాని రాదు. వచ్చినా ఆ గంప దాని తలుపులో పట్టదు.

ఎత్తు దిగుతూ ఖాళీ లారీ కనబడింది. కన్నారావు రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యెత్తాడు. లారీ ఆగాక గాని లోపలున్నది, లారీల రోజులనుంచి తను మొహం ఎరిగిన అప్పలరాముడని చూడలేదు.

"భయ్యా ఆగాడు! ఎక్కండెక్కండి!" అంటూ పిల్లలు అప్పుడే వెనక చక్రం మీద కాళ్ళేశారు.

అప్పలరాముడు గబగబా దిగాడు. ఒక్కొక్కరినీ కిందకి దించాడు. "దిగమ్మా, దిగు బాబూ. మనుషుల్ని ఎక్కించను కన్నారావు గారూ. మాఫ్ చెయ్యండి."

కన్నారావు మొహం ఎర్రబడింది. "అంటే? మా పిల్లనడిగావు కదా, మా ఇంటి శుభకార్యానికి నాలుగు మైళ్ళు రాలేవా?"

"ఎంత పొగరే వీడికి!" అంది ఝాన్సీ నానమ్మ యర్రమ్మ. "ఒరే నాయినా, నేనీ దీవికొచ్చి యాభై ఏళ్ళైంది. లారీ ఎక్కకుండా ఏ పెళ్ళికెళ్ళాననుకున్నావు?"

ఝాన్సీ తండ్రి మొహం చూసింది. గడియారం చూసింది. ఈ ఒక్క పనితో ఆయన మనసు కరుగుతుందేమో, కాదంటే ఇక ఎన్నటికీ కరగదేమో. దగ్గరకెళ్ళి మెల్లగా అంది.

"ఈ ఒక్కసారికీ..."

అప్పలరాముడు ఆమెకేసి చూశాడు. అతని కళ్ళలో భయం ఉంది. అయినా పక్కకి తప్పుకోలేదు. "మీ చేత్తో రాసిచ్చారు మేడమ్. ఇందులో మీ నానమ్మ ఉన్నారు. చిన్న పిల్లలున్నారు. రోడ్డంతా తడి. ఎవరైనా పడితే నేను మీకు ఏ మొహం చూపించను?"

ఝాన్సీకి చెవులు వేడెక్కాయి. తను రాసిన నియమాన్ని తనే చెరపబోయింది. ఇతను కాపలా కాశాడు. ఆమె చీరకొంగు నడుముకి దోపింది.

"సామాను ఎక్కించండి. గంపా, బిందెలూ, గెలలూ అన్నీ. సామాను యజమాని ఒకరు ముందు కూర్చుని వెళ్ళొచ్చు. మిగతా అందరం బస్సులో వస్తాం."

"సామాను నాదే!" యర్రమ్మ చీర కుచ్చిళ్ళెత్తి అప్పుడే క్యాబిన్ మెట్టు మీద కాలేసింది.

"గంప నాన్నది, నానమ్మా."

కన్నారావు ఎవరికేసీ చూడకుండా ఎక్కి కూర్చున్నాడు.

సన్నగా జల్లు మొదలైంది. సగం దూరం వైపరు చప్పుడే. తర్వాత కన్నారావు చెయ్యి చాపాడు. "ఏది? ఆ రూలేదో చూపించు."

"డాష్‌బోర్డులో ఉందండీ."

పాలిథిన్ కవరు, అందులో పాలసీ. కన్నారావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అచ్చు పక్కన గుండ్రటి పెన్సిల్ అక్షరాలు. వంటింటి అరుగు మీద సుద్దముక్కతో తనే దిద్దించిన అక్షరాలు. 'మనుషులను ఎక్కించరాదు.' చదివాడు. కిందకి దిగాడు. 'భూకంపం, తుఫాను, వరద, ముంపు. ఇవి వస్తే మీ లారీ విలువ మీకు వస్తుంది.'

ఆ వాక్యం దగ్గర ఆయన వేలు చాలాసేపు ఆగింది.

"నా కాగితంలో ఇది లేదు."

అప్పలరాముడు వేగం కొంచెం తగ్గించాడు.

"ఏజెంటు, కె. ఝాన్సీలక్ష్మి." కన్నారావు పైకి చదివాడు. "పేరు అచ్చేశారే! చేతి ఖర్చుకి ఏదో చేసుకుంటోందనుకున్నాను."

"చేతి ఖర్చా! మా లారీ స్టాండులో పదకొండు బళ్ళకి ఆవిడే రాశారండీ. పక్కా అర్థమయ్యేదాకా వదలరు. తెలుగువాళ్ళందరికీ ఇలాగే పెన్సిలు రాత. మేడమ్ రాసిచ్చారంటే బ్యాంకు మేనేజరు కూడా ఊఁ అంటాడు."

"మావాళ్ళనెక్కించుకోనంటే పిల్లనివ్వనని తెలుసు కదా. అయినా ఆపావేం?"

"ఆవిడ రాసిన మాటని ఆవిడ కోసమే తప్పితే, రేపు ఇంకెవరి దగ్గర నిలబెడతానండీ?"

కన్నారావు కాగితాన్ని పాత మడతల మీదుగానే మడిచి, కవరులో పెట్టి, నీళ్ళు దిగకుండా అంచు రెండుసార్లు తిప్పాడు.

పదికి అయిదు నిమిషాల ముందు గంప పందిట్లో దిగింది. బస్సువాళ్ళు చేరేసరికి కన్నారావు మేనకోడలిని గంపలో ఎత్తుకుని నడుస్తున్నాడు.

భోజనాల వేళ అప్పలరాముడు బయటే బిందెల లెక్క అప్పజెపుతున్నాడు. పంక్తిలోంచి కన్నారావు పిలిచాడు. "అబ్బాయ్! ఇలా రా." తన పక్కనున్న బావమరిదిని జరగమని, మధ్యలో ఒక ఆకు వేయించాడు. పెళ్ళింట్లో మేనమామ పక్క ఆకు ఊరికే పడదు. పంక్తంతా ఇటు తిరిగింది.

"ఎవరు బావా ఈ కుర్రాడు?"

"లారీ ఓనరు." ఆ మాట కన్నారావు నోటినుంచి సునామీ తర్వాత మొదటిసారి వచ్చింది. "మా ఝాన్సీ రాసిన మాట కోసం నన్నే నడిరోడ్డు మీద ఆపాడు. మా ఝాన్సీ అంటే ఏమనుకున్నారు? పదకొండు లారీలు నడుస్తున్నాయి ఆవిడ రాత మీద!"

లడ్డూల పళ్ళెంతో వడ్డిస్తున్న ఝాన్సీ ఉన్నచోటే ఆగిపోయింది.

"ఏమ్మా," అన్నాడు తండ్రి అందరూ వినేలా, "వీళ్ళ అమ్మనీ నాన్ననీ ఆదివారం ఇంటికి రమ్మననా?"

"ముందు దాన్ని వడ్డించనీరా," అంది యర్రమ్మ.

ఝాన్సీ నెమ్మదిగా నడిచొచ్చి, వంగి, అప్పలరాముడి ఆకులో లడ్డూ పెట్టింది. తండ్రికేసి తిరిగింది.

"రమ్మను నాన్నా. లారీలోనే రమ్మను. మన వాకిట్లో పెట్టుకోవచ్చు."