పెళ్లికూతురికి ఇష్టమైన పాట

పెళ్లికూతురు లేదు.

పెట్టెలో ఉండాల్సిన పెళ్లి బట్టలూ లేవు. ఫోన్ మాత్రం దిండు కింద ఉంది.

లేడీ ఇన్‌స్పెక్టర్ ఆ పాత ఎస్టేట్ హోటల్‌కి చేరేసరికి 9:50. పెళ్లి 11:30కి. బయట వాన. పెళ్లికొడుకు గేటుకి తాళం వేయించాడు. నూట ఇరవైమంది అతిథులు ఒకే హాల్లో ఇరుక్కుని గుసగుసలాడుతున్నారు.

ఎటు చూసినా పెళ్లికూతురే. మెనూ కార్డు మీద ఆమె చిన్నప్పటి ఫొటో. గోడల నిండా ఆమె నవ్వు. స్పీకర్లలో ఆమెకిష్టమైన పాట, అయిపోగానే మళ్లీ మొదటికి. చెవులు గింగురుమనేంత గట్టిగా.

ఇన్‌స్పెక్టర్‌కే ఊపిరాడనట్టయింది.

"ఇవన్నీ ఆ అమ్మాయి కోరినవేనా?"

"తనకేం కావాలో నాకు తెలుసండీ," అన్నాడు పెళ్లికొడుకు. "నోరు తెరిచి అడగనివ్వలేదు. అన్నీ నేనే చూశాను."

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"రాత్రి భోజనాల దగ్గర. మళ్లీ చూడలేదు."

పక్కనే పెళ్లికూతుర్ని పెంచిన పిన్ని. రుమాలు నలుపుతోంది. "9:10కి వెళ్తే గది ఖాళీ. పెళ్లి బట్టలతోనే పారిపోయింది. మా పరువు తీసింది."

"గేటు దాటి ఎవరూ వెళ్లలేదు మేడమ్," అన్నాడు హోటల్ మేనేజర్.

ఇన్‌స్పెక్టర్ ఇంటర్‌కమ్‌లో గేటు గార్డుని పిలిచింది.

"ఎవర్ని ఆపమన్నారు నిన్ను?"

"పచ్చ స్వెటర్ వేసుకున్న అమ్మాయినండి. పెళ్లికొడుకుగారు ఫోన్ చేశారు."

"ఎన్నింటికి?"

"7:55కి. రిజిస్టర్లో రాశానండి."

ఆమె మేనేజర్ వైపు తిరిగింది. "ఈ పాట ఎప్పుడు మొదలైంది?"

"ప్రోగ్రాంలో 11కే ఉంది. సార్ 8:05కే పెట్టించారు. ఆపొద్దన్నారు."

"ఆపండి."

"వద్దు!" పెళ్లికొడుకు దిగ్గున లేచాడు.

పాట ఆగింది. హాలంతా నిశ్శబ్దం.

టక్. టక్. టక్.

చప్పుడు మెట్ల కింది పాత స్టోర్‌రూమ్ లోంచి. తలుపుకి బయట గడియ. ఇన్‌స్పెక్టర్ లాగింది. కిటికీ లేని గది. లోపల పచ్చ స్వెటర్లో పెళ్లికూతురు. పిడికిళ్లు దోక్కుపోయాయి. పెళ్లి బట్టలు స్టూలు మీద మడత విప్పకుండా ఉన్నాయి.

"పెళ్లి వద్దని పొద్దున ఇతనికి చెప్పి గేటువైపు పరిగెత్తాను," అంది. గొంతు పోయింది. "పట్టుకొచ్చి ఇందులో పడేశాడు. ఆ బట్టలు కట్టుకుంటేనే తలుపు తీస్తానన్నాడు."

ఇన్‌స్పెక్టర్ పెళ్లికొడుకుని చూసింది. "ఈమె కనబడట్లేదని తెలిసింది 9:10కి. మీరు 7:55కే గార్డుని హెచ్చరించారు. అందరూ పెళ్లి బట్టల్లో వెళ్లిందనుకుంటుంటే మీరు స్వెటర్ రంగు చెప్పారు. పొద్దున చూడనివాళ్లకి రంగెలా తెలుస్తుంది?"

"11:30కల్లా తనే ఒప్పుకునేది," అన్నాడతను. ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన కానిస్టేబుల్ అతని రెక్క పట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ కదల్లేదు.

"ఇంకొకటుంది. పాట ఆగి ఆ చప్పుడు వినబడగానే హాలంతా ఉలిక్కిపడింది. మీరొక్కరే తలదించుకున్నారు, పిన్నిగారూ. మీ గది మెట్ల పక్కదే కదూ?"

పిన్ని రుమాలు నలపడం ఆపింది. "పాట పెట్టకముందే విన్నానమ్మా. ఇంతమంది వచ్చారు కదా... సర్దుకుంటుందిలే అనుకున్నా."

శాలువా తీసి పిల్లకి కప్పబోయింది. పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది.

గేటు తెరిచారు. ఆ అమ్మాయి జీపు ముందు సీట్లో కూర్చుంది. వాన జల్లు కొడుతున్నా, బండి కదలకముందే పక్కనున్న అద్దం పూర్తిగా దించేసింది.